భయం తెలిసిన మనిషి, మా సిస్టర్ ఆరోగ్యం

సిస్టర్ ఆరోగ్యం ఇక లేరు.

ఆ వార్త చేరేసరికి నేను పానగల్‌లో మా వాకిట్లో అలుకు చల్లుతున్నాను. మఠం నుంచి చిన్న సిస్టర్ ఫోన్ చేసింది. "సుగుణా టీచర్, మన పెద్ద సిస్టర్ పోయిండ్రు. పొద్దుగాల పూజకు తయారైతుంటే గుండెల నొప్పి అన్నరు. దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే..."

బకెట్టు కింద పెట్టి గడప మీద కూలబడ్డాను. మహనీయురాలు కన్నుమూసినప్పుడు ముందు శోకం కలగాలి. నాకు ముందు భయం వేసింది. మా బడి నిండా పసివాళ్ళు. వాళ్ళలో ఎవరు అన్నం ముట్టడం లేదో, ఎవరు ఇంటికి పోవడానికి జంకుతున్నారో, ఎవరి నవ్వు చాటున ఏడుపు దాగి ఉందో కనిపెట్టే కళ్ళు ఆ ఉదయం మూతపడ్డాయి. ఆ పని ఇక మేము చేయాలి. మాకు చేతనవుతుందా?

నల్గొండ పట్టణం అంచున, రాతిగుట్ట కింద ఉన్న మా కథోలిక ప్రాథమిక పాఠశాలకు ఆమె చాలా ఏళ్ళుగా ప్రధానోపాధ్యాయురాలు. పుట్టింది భువనగిరి దగ్గరి పల్లెలో. తల్లిదండ్రులు కూలిపని చేసుకునేవారు. చిన్ననాడే హాస్టల్లో చేరి చదువుకుని, యౌవనారంభంలోనే కన్యాస్త్రీగా మఠంలో ప్రవేశించారు. నేను హిందువును, రైతు కుటుంబపు కోడలిని. ఆ చర్చి సంఘానికి చెందినదాన్ని కాకపోయినా, ఆమె దగ్గర మూడో తరగతి టీచరుగా నా జీవితంలోని ఉత్తమకాలం గడిచింది. శిష్యురాలినని చెప్పుకునే అర్హత ఉందో లేదో గాని, చెప్పుకోవాలని ఉంది.

ఆమెను ధైర్యశాలి అని ఎవరైనా కీర్తిస్తే సిస్టర్ నవ్వేవారు. నిజానికి అంత భయస్థురాలిని నేను చూడలేదు. ఉరుము వినిపిస్తే జపమాల గట్టిగా పట్టుకునేవారు. కుక్క ఎదురైతే నా చీర కొంగు పట్టుకుని నా వెనక్కి వచ్చేవారు. బల్లిని చూస్తే ఆఫీసు గది వదిలి బయటికి వచ్చేసేవారు. తలుపు బిగించి ఉన్న గదిలో క్షణం కూడా కూర్చోలేకపోయేవారు. ఆ చివరిదానికి కారణం ఒకసారి తనే చెప్పారు. హాస్టల్లో ఉన్నప్పుడు పెద్ద పిల్లలు ఆమెను కట్టెల కొట్టులో పెట్టి గొళ్ళెం పెట్టేవారట. "నేను ఏడుస్తుంటే బయట నవ్వుతుండ్రి సుగుణా. చీకటికి భయపడలే నేను. గా నవ్వుకు భయపడ్డ. గిప్పటికీ చెవుల్ల ఇనబడ్తది." కొత్త టీచర్లు చేరినప్పుడు ఆమె ఒక మాట తప్పకుండా చెప్పేవారు: "భయమంటే ఏందో మర్శిపోయినోల్లు చిన్నపిల్లలకు చదువు చెప్పొద్దు."

ఆమె వచ్చిన కొత్తలో బడిలో ఒక ఫిర్యాదుల డబ్బా ఉండేది. ఆఫీసు ముందు గోడకు బిగించి, చక్కగా రంగు వేసి ఉంచారు. సిస్టర్ దాన్ని కొన్నాళ్ళు గమనించి, ఒక మధ్యాహ్నం తీయించేశారు. మేమంతా విస్తుపోయాం. "డబ్బా దగ్గరికి ఎవరు పోతున్నరో బడంతా చూస్తది. చీటీ ఏసిన పిల్లను సాయంత్రం ఆటోల ఎవరు కాపాడ్తరు? ఒకటో తరగతోనికి రాసుడే రాదాయె" అన్నారు. ఆనాటి నుంచి ఇంటర్‌బెల్ కొట్టగానే ఆమె మైదానంలోకి వచ్చి నేల మీద కూర్చునేవారు. పిల్లలు చుట్టూ మూగేవారు. ఒకరు జడ చూపించేవారు, ఒకరు ఊడిన పన్ను చూపించేవారు. ఆ సందడిలో ఎవరైనా చెవి దగ్గర ఒక మాట చెబితే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

సిస్టర్ ఆటో మాట అన్నారు కదా. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లలు ఆటోల్లోనే వస్తారు. టీచరు కళ్ళకూ అమ్మ కళ్ళకూ నడుమ ఉన్న ఆ దారిలో ఏం జరుగుతుందో ఎవరికీ పట్టదు. సిస్టర్‌కు పట్టింది. సాయంత్రం ఏదో ఒక ఆటోలో, ముందు చెప్పకుండా, పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చునేవారు. మొదట్లో డ్రైవర్లు గాబరాపడ్డారు. "సిస్టరమ్మా, మీకు కారున్నది గదా" అంటే, "కార్ల పిల్లలుండరు గద బిడ్డా" అనేవారు. అలా వెళ్ళివచ్చిన మర్నాడు కొన్ని ఆటోల్లో పిల్లలు కూర్చునే చోటు మారిపోయేది. ఎందుకు మారిందో ఆమె ఎవరికీ చెప్పేవారు కాదు.

పెద్దల విషయంలోనూ ఆమె ఉపేక్షించలేదు. ఒక లెక్కల సారు నత్తిగా మాట్లాడే పిల్లవాడిని నిలబెట్టి, వాడిలాగే పలికి తరగతిని నవ్వించేవాడు. సరదాకే చేసేవాడు. సిస్టర్ గుమ్మంలో నిలబడి విన్నారు. తర్వాత ఆయనను పిలిచి మెల్లగా, "సార్, మీరు అని మర్శిపోతరు. పిల్లలు దాన్ని ఇంటికి పట్కపోతరు, ఆటోల అంటరు, రేపు మల్ల తెస్తరు. మీరు సురువు చేసినదాన్ని మీరే ఆపాలె" అన్నారు. మర్నాడు ఆ సారు తరగతిలో ఆ పిల్లవాడికి క్షమాపణ చెప్పారు. చెబుతున్నప్పుడు ఆయనకే మాట తడబడింది. ఎవరూ నవ్వలేదు.

ఇక శిరీష సంగతి చెప్పాలి. సిస్టర్ అంటే ఎవరో తెలియాలంటే ఈ ఒక్క ఉదంతం చాలు. కరోనాకు కొంచెం ముందటి మాట.

శిరీష నాలుగో తరగతి పిల్ల. పానగల్ అవతలి ఊరు. నాయిన గొర్లు కాస్తాడు. ఎండాకాలం వస్తే మేపు కోసం మందతో దూరం పోతాడు. పిల్లను ఇంగ్లీషు బడిలో చదివించాలని ఆ ఆలుమగలకు మహా ఆశ. తరగతిలో ఎవరో ఒకరోజు ఆ పిల్ల దగ్గర గొర్ల వాసన వస్తోందన్నారు. మర్నాడు ఇద్దరు ముక్కు మూసుకున్నారు. ఆ తర్వాత ఆ పిల్ల లేచి నిలబడితే చాలు, వెనక వరసలోంచి సన్నగా "మే... మే..." అనే అరుపు. టీచరు తిరిగి చూస్తే అందరూ పుస్తకాల్లోకి చూస్తుండేవారు. ఆమె టిఫిన్ బాక్సులో గొర్రె పెంటికలు వేశారు. ఇవన్నీ మాకు తర్వాత తెలిసినవి. ఆనాడు మాకు కనిపించింది, మాట తగ్గిన ఒక పిల్ల మాత్రమే.

సిస్టర్‌కు మాత్రం ఇంకొకటి కనిపించింది. "సుగుణా, గీ పిల్ల పొద్దటి సంది నీల్లు తాగుత లేదు. సీసా నిండ తెచ్చి నిండ పట్కపోతాంది" అన్నారు. నాకు అర్థం కాలేదు. "నీల్లు తాగితే బాత్‌రూముకు పోవాలె. ఆడ ఏమో అయితాంది" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం పాలిపోయింది. ఆయాను పిలిచి అటు ఒక కన్నేసి ఉంచమని చెప్పారు.

ఆ మధ్యాహ్నమే అన్నం బెల్ అయ్యాక శిరీష తరగతికి రాలేదు.

బ్యాగు ఉంది. చెప్పులు వరండాలో ఉన్నాయి. పిల్ల లేదు. ఆయా పరుగున వెళ్ళి చూస్తే చివరి బాత్‌రూము తలుపు బయటి గొళ్ళెం విరిగి వేలాడుతోంది. లోపల ఎవరూ లేరు. ఎవరో లోపల పెట్టి గొళ్ళెం వేశారని, ఆ పిల్ల తన్ని తన్ని బయటపడిందని చూడగానే తెలిసిపోయింది. గేటు దగ్గరి వాచ్‌మన్ ఎవరూ బయటికి పోలేదన్నాడు. చర్చిలో వెతికాం, మఠంలో వెతికాం. పెరట్లోని బావి మీద ఇనుప జాలీ ఉంది. అయినా నేను వంగి లోపలికి చూశాను. నల్లటి నీళ్ళలో నా ముఖమే కనబడింది. అది నా ముఖమని తెలియడానికి పట్టిన ఆ క్షణంలో నా ప్రాణం పోయినంత పనైంది.

సిస్టర్ మైదానం మధ్యలో నిలబడి ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. ఉన్నట్టుండి తల ఎత్తి గుట్ట వైపు చూశారు. ప్రహరీ గోడ ఒకచోట కూలి ఉంది. అవతల గుట్ట. గుట్టకు ఆ పక్క బండలు కొట్టి కొట్టి లోతుగా తవ్విన క్వారీ గుంత.

"గొర్లకాడి పిల్ల సుగుణా. భయమైతే మనుషుల దిక్కు పోదు, బండల దిక్కు పోతది" అని ఆమె నడక మొదలుపెట్టారు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కడానికే ఆయాసపడే మనిషి. నేను వెనకే పరుగెత్తాను. ఎండకు బండలు కాలుతున్నాయి. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, మరో చేత్తో బండను పట్టుకుని ఆమె ఎక్కుతున్నారు. పాముల భయం, ఎత్తు భయం. ప్రతి అడుగుకీ "తల్లీ మరియమాతా" అంటున్నారు.

పైన శిరీష కనిపించింది. క్వారీ అంచున, రెండు బండల నెర్రెలో, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. వట్టి కాళ్ళతో. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. మమ్మల్ని చూడగానే ఇంకా వెనక్కి జరిగింది. వెనక జాగా లేదు. ఆ పిల్ల పాదం కదిలితే ఒక రాయి జారి కింద పడింది. అది నీళ్ళలో పడిన చప్పుడు వినిపించడానికి చాలాసేపు పట్టినట్లు అనిపించింది.

"రాను! నేను బడికి రాను!" అని అరిచింది.

నేను ఏదో అనబోతే సిస్టర్ చేయి అడ్డం పెట్టారు. తను మరో బండ మీదికి అడుగు వేసి, అక్కడే ఆగిపోయారు. ముందుకు పోలేరు, వెనక్కి రాలేరు. కింద ఆ గుంత. ఆమె రెండు చేతులతో బండను కౌగిలించుకుని కళ్ళు మూసుకున్నారు.

"శిరీషా," అన్నారు. "బిడ్డా, నాకు మస్తు భయమైతాంది. దిగొస్తలేదు నాకు. జర నన్ను పట్టుకో."

పిల్ల కదల్లేదు. చూస్తోంది.

"కండ్లు తిరుగుతున్నయి బిడ్డా."

అప్పుడు శిరీష లేచింది. ఆ పిల్ల మేకపిల్లలా బండ మీది నుంచి బండ మీదికి దిగి వచ్చి, సిస్టర్ చేయి పట్టుకుంది. "కిందికి చూడకు సిస్టర్. నా దిక్కు చూడు. గీ కాలు ఈడ పెట్టు. ఆఁ, గట్లనే" అంటూ ఒక్కో అడుగూ వేయించి కిందికి దింపింది. దారంతా ఆ పిల్లే మాట్లాడింది. ఎంతో కాలానికి ఆ పిల్ల నోట అన్ని మాటలు వినడం. కిందికి వచ్చాక ఇద్దరూ నేల మీద కూర్చుని ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

చాలా రోజుల తర్వాత నేను అడిగాను: "సిస్టర్, ఆనాడు పిల్లను దింపనీకే అట్లా నటించిండ్రా?" ఆమె నన్ను వింతగా చూశారు. "ఏం నటన? నిజంగనే పానం పోతదనుకున్న. అది రాకపోతే ఆన్నే ఉందును."

అంతటితో అయిపోలేదు. పిల్లలను ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగితే, గొళ్ళెం వేసింది అదే తరగతి పిల్లవాడని తేలింది. అతని పేరు ఇక్కడ రాయను. తండ్రి పేరున్న కాంట్రాక్టరు. పిలిపిస్తే ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ గదిలో నేనూ ఉన్నాను.

"గొర్లోల్ల పిల్ల కోసం నా కొడుకును నిలబెడ్తవా? నేనెవరో ఎర్కనా నీకు? గీ బడి గేటుకు తాళం ఏపిస్త" అని అరుస్తూ బల్ల మీద కొట్టడానికి చేయి ఎత్తాడు. సిస్టర్ చేతిలోని గ్లాసు వణికి నీళ్ళు చీర మీద ఒలికాయి.

అయినా ఆమె అతని చేతిని చూడలేదు. పక్కన నిలబడ్డ పిల్లవాడిని చూస్తున్నారు. తండ్రి చేయి లేవగానే వాడు రెండు చేతులతో తల కప్పుకుని గోడకు అతుక్కుపోయాడు.

"అయ్యా," అన్నారు సిస్టర్. "నేను మీ బాబును బడి నుంచి తీసేస్త లేను. వాడు గూడ నా పిల్లనే. గని మీరు బల్ల కొట్టబోతే వాడెందుకు తల దాసుకున్నడు?"

ఆయన కొడుకు వైపు చూశాడు. విసురుగా వెళ్ళిపోయాడు. వెంట వచ్చిన మనుషుల్లో ఒకడు గుమ్మం దగ్గర ఆగి, "సిస్టరమ్మా, జర పైలం" అన్నాడు. అది హెచ్చరికో, బెదిరింపో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ తర్వాతి రోజులు భయం భయంగా గడిచాయి. ఎవరో ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా పెట్టేసేవారు. కొందరు తల్లిదండ్రులు పిల్లలను మానిపిస్తామన్నారు. వదిలేయమని పై నుంచి సలహాలు వచ్చాయి. సిస్టర్ వదల్లేదు. నాలుగో తరగతి పిల్లలను వారం వారం వలయంగా కూర్చోబెట్టి, "మే మే అన్నప్పుడు నవ్వినోల్లు ఎవరు, నవ్వకుండ ఊకున్నోల్లు ఎవరు" అని అడిగేవారు. శిక్ష వేయలేదు. ఊరుకున్నవాళ్ళే ఎక్కువని పిల్లలకే తెలిసివచ్చింది. శిరీష పక్కన కూర్చోవడానికి మొదట ఒక పిల్ల వచ్చింది, తర్వాత మరొకరు.

గొళ్ళెం వేసిన ఆ పిల్లవాడు రోజూ సాయంత్రం ఆటో వచ్చేదాకా సిస్టర్ దగ్గరే కూర్చోవాలని నియమం. చాలా రోజులు వాడు పెదవి విప్పలేదు. ఒకరోజు మాత్రం, "సిస్టర్, ఇయ్యాల ఇంటికి పోవుడు భయమైతాంది" అన్నాడు. ఆమె మరుమాట లేకుండా వాడితో ఆటో ఎక్కారు. ఆ ఇంట్లో ఏం మాట్లాడారో నాతో చెప్పలేదు. తిరిగి వచ్చినప్పుడు ఆమె ఒళ్ళు జ్వరంతో కాలుతోంది. కొన్నాళ్ళకు ఆ తల్లి కొడుకును తీసుకుని భువనగిరిలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. పోయే ముందు వాడు శిరీష దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. ఇద్దరూ స్నేహితులయ్యారని రాస్తే బాగుండేది గాని, అలా జరగలేదు.

సిస్టర్ పార్థివదేహాన్ని చర్చిలో ఉంచినప్పుడు, దివ్యబలిపూజకు వచ్చిన జనంలో శిరీష ఉంది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పక్కన గొంగడి భుజాన వేసుకుని నాయిన. ఆ పిల్ల శవపేటిక దగ్గర నిలబడి, ఆ చల్లటి చేతిని చాలాసేపు పట్టుకుంది. నన్ను చూసి, "టీచర్, సిస్టర్‌కు మూసుడంటే భయం గదా, పెట్టె మూస్తరా?" అని అడిగింది. మూత వేసే వేళ శిరీష కళ్ళు మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

బడి మళ్ళీ తెరిచారు. సిస్టర్ కూర్చున్న కుర్చీ నాకు అప్పగించారు. అసెంబ్లీలో ఫాదర్ పిల్లలకు అర్థమయ్యేలా చెప్పారు, సిస్టర్ దేవుని సన్నిధికి చేరుకున్నారని. ఇంటర్‌బెల్‌కు నేను వరండాలో నిలబడి ఉంటే రెండో తరగతి పాప ఒకతె వచ్చి నా చీర లాగింది.

"టీచర్, సిస్టర్ ఎప్పుడొస్తది?"

"సిస్టర్ దేవుని దగ్గరికి పోయిండ్రు బిడ్డా. ఫాదర్ చెప్పలేదా?"

"చెప్పిండు. మల్ల ఎప్పుడొస్తది?"

"రారు బిడ్డా. ఏం కావాలె? నాకు చెప్పు."

ఆ పాప మైదానం వైపు తిరిగి చూసింది. అక్కడ పిల్లలు ఆడుకుంటున్నారు. ఎవరిని చూసిందో నేను పట్టుకోలేకపోయాను. మళ్ళీ నా వైపు తిరిగినప్పుడు ఆ ముఖంలో ఏమీ లేదు. "ఏం లేదు. సిస్టర్‌కే చెప్త" అని పరుగెత్తి గుంపులో కలిసిపోయింది.

ఆనాటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఆ పాప టిఫిన్ బాక్సు చూస్తున్నాను, నడక చూస్తున్నాను, పక్కన ఎవరున్నారో చూస్తున్నాను. మైదానంలో నేల మీద కూర్చుంటున్నాను. పిల్లలు దూరం నుంచి చూసి నమస్తే చెప్పి వెళ్ళిపోతున్నారు. దశాబ్దాల వాత్సల్యంతో ఆ తల్లి సంపాదించుకున్న నమ్మకం నాకు కుర్చీతో పాటు రాదు కదా.

కరుణామయీ, సిస్టర్ ఆరోగ్యం, మీ పవిత్ర స్మృతికి ఈ అశ్రునివాళి. మీ ఆత్మశాంతికై అందరూ ప్రార్థిస్తున్నారు. నా ప్రార్థన వేరు. మీరు చూసిన చూపులో ఒక్క లేశమైనా మాకు మిగలాలి, త్వరగా మిగలాలి. ఆ పాప ఇంకా నాకేమీ చెప్పలేదు.